రెండో రాయి: మంచి రాత ఎలా అలవడుతుంది?



పరీక్షలో రాసే సమాధానం, ప్రయోగశాల నివేదిక, సెలవుచీటీ, ఉద్యోగానికి దరఖాస్తు, కళాశాల సంచికకు పంపే కథ – ఇవన్నీ రాతపనులే. పదేళ్లకు పైగా బడిలో రోజూ రాస్తూనే ఉన్నా, "నాకు రాయడం రాదు" అనే విద్యార్థులు మనలో చాలామంది ఉన్నారు. అదే విషయాన్ని నోటితో చెప్పమంటే చక్కగా చెబుతారు. కాగితం ముందు పెట్టగానే కలం ఆగిపోతుంది. మాట్లాడేటప్పుడు లేని ఇబ్బంది రాసేటప్పుడు ఎందుకు వస్తోంది? దాన్ని దాటడానికి విద్యార్థి ఏం చేయాలి? ఈ ప్రసంగంలో ఈ రెండు ప్రశ్నలను బస్తర్ ప్రాంతం నుంచి తీసుకున్న ఉదాహరణలతో పరిశీలిద్దాం.

బస్తర్‌నే ఎందుకు ఎంచుకున్నామో ముందుగా చెప్పుకుందాం. ఇది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని దక్షిణ భాగం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్రలు దీనికి ఇరుగుపొరుగు. 1998 వరకు ఇదంతా ఒకే జిల్లా. వైశాల్యం 39,000 చదరపు కిలోమీటర్లకు పైగా, అంటే కేరళ రాష్ట్రం కంటే కొంచెం పెద్దది. ఇప్పుడు అదే ప్రాంతంలో ఏడు జిల్లాలున్నాయి. ఇక్కడి విద్యార్థి ఇంట్లో గోండీ, సంతలో హల్బీ, బడిలో హిందీ మాట్లాడతాడు. దక్షిణాన కోంటా, భోపాల్‌పట్నం వైపు తెలుగు కూడా వినిపిస్తుంది. మనసులో ఉన్న మాట కాగితం మీదికి రావాలంటే అతడు రెండు మూడు భాషల గట్లు దాటాలి. మనందరికీ ఉన్న ఇబ్బందే అక్కడ మరింత పెద్దదిగా కనిపిస్తుంది. అందువల్ల దాన్ని అర్థం చేసుకోవడమూ తేలిక.

1. చదివేవారెవరు?

శంఖినీ, డంకినీ నదులు కలిసేచోట దంతెవాడలో దంతేశ్వరీ దేవి ఆలయం ఉంది. 18వ శతాబ్దం తొలినాళ్లలో బస్తర్‌ను పాలించిన దిక్పాలదేవుడు సకుటుంబంగా అమ్మవారి దర్శనానికి వచ్చిన సందర్భంలో అక్కడ శాసనం వేయించాడు. ఈ రాజవంశం తాము ఓరుగల్లు నుంచి వచ్చిన కాకతీయుల సంతతివారమని చెప్పుకున్నది. శాసనంలోని వంశచరిత్రలో ఓరుగల్లు పేరు కూడా ఉంది.

మనకు కావలసిన విశేషం వేరే ఉంది. ఈ శాసనానికి రెండు రాళ్లు ఉన్నాయి. మొదటి రాతి మీది ప్రశస్తి సంస్కృతంలో ఉంది. రెండో రాతి మీది రాత ఆనాటి వాడుక భాషలో ఉంది. ఛత్తీస్‌గఢీ భాషకు దొరికిన తొలి నమూనాల్లో ఒకటిగా పండితులు దాన్ని పేర్కొంటారు. రెండో రాయి ఎందుకు అవసరమైందో ఆ శాసనమే చెబుతుంది. ఈ కలియుగంలో సంస్కృతం చదవగలిగినవారు కొద్దిమందే గనుక మరో రాతి మీద భాషలో రాయించామని దాని భావం. దాన్ని కూర్చినవాడు మైథిల పండితుడు. సంస్కృతంలో రాయగల పాండిత్యం ఉండి కూడా, చదివేవారిని తలచుకొని అతడు రెండోసారి రాశాడు.

మన సాహిత్యంలోనూ ఈ ఆలోచన ఉంది. ఓరుగల్లు సీమలోనే కాకతీయుల కాలంలో పాల్కురికి సోమనాథుడు సంస్కృత సమాసాల బరువు పక్కనపెట్టి, అందరికీ తెలిసే జాను తెనుగును, పాడుకోవడానికి వీలైన ద్విపదను ఎంచుకున్నాడు. సంస్కృతం రాక కాదు. తన మాట ఎవరికి చేరాలో ముందుగా నిశ్చయించుకున్నాడు.

దీని నుంచి మనం గ్రహించవలసిన మొదటి సూత్రం ఇది: రాయడం మొదలుపెట్టే ముందు, చదివేవారెవరో నిర్ణయించుకోవాలి. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి కనిపిస్తాడు. అర్థం కాకపోతే ముఖం ముడుస్తాడు, మధ్యలో ప్రశ్న వేస్తాడు. మనం వెంటనే మరోలా చెబుతాం. కాగితం ముందు కూర్చున్నప్పుడు ఆ మనిషి ఉండడు. కలం ఆగిపోవడానికి ముఖ్య కారణం ఇదే. కనుక ఆ మనిషిని మనమే ఊహించుకోవాలి. చిన్నాన్నకు రాస్తున్నామా, పక్క ఊరి స్నేహితురాలికా, ఈ విషయం కొత్తగా నేర్చుకుంటున్న తమ్ముడికా? అది తేలితే ఏం వివరించాలో, ఏం వదిలేయాలో సగం తేలిపోతుంది.

2. వినడం రాతలో భాగమే

బస్తర్ గురించి పేరుపొందిన తొలి గ్రంథాలు చాలావరకు బయటివారు రాసినవే. రాజ్యంలో అధికారిగా పనిచేసిన గ్రిగ్సన్ 1938లో మరియా గోండుల మీద, వెరియర్ ఎల్విన్ 1947లో మురియాల ఘోటుల్ మీద పుస్తకాలు ప్రచురించారు. అవి శ్రమకోర్చి రాసిన పుస్తకాలు. ఇప్పటికీ పరిశోధకులు చదువుతున్నారు. కానీ వాటిని చదివేవారు దూరాన ఉన్నారు. ఎవరి గురించి రాశారో ఆ జనం వాటిని చదివే స్థితిలో లేరు.

కొండగావ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్ (1955–2021) చేసిన పని దీనికి భిన్నమైంది. బస్తర్‌లో జాగర్ అనే కథాగాన సంప్రదాయం ఉంది. గురుమాయి అని పిలిచే స్త్రీలు హల్బీ భాషలో రోజుల తరబడి కథ పాడతారు. వాయిద్యం పేరు ధన్‌కుల్. మట్టికుండ మీద చేట, చేట మీద విల్లు ఆనించి, విల్లు మీది గాట్లను పుల్లతో గీస్తూ వాయిస్తారు. వరి పంటకు అధిదేవత అయిన లచ్మీ కథను చెప్పేది లచ్మీ జాగర్. వైష్ణవ్, ఆస్ట్రేలియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీతో కలిసి, గురుమాయి సుక్‌దయి పాడిన లచ్మీ జాగర్‌ను మాట మాటకూ రాసి, అనువాదాలతో 2003లో పుస్తకంగా తెచ్చారు. పుస్తకం పేరులోనే గురుమాయి పేరు ఉంది.

ఈ పని ఎంత కష్టమైందో ఒకసారి ఆలోచించండి. పాడేవారు మాటను సాగదీస్తారు, ఒకే చరణాన్ని మళ్లీ మళ్లీ అంటారు. రాసేవారికి అది అనవసరంగా కనిపించి తీసేయాలనిపించవచ్చు. అలా తీసేస్తే కథాసారం మిగులుతుంది, గురుమాయి గొంతు పోతుంది. కాబట్టి రాసేవారు ముందు ఓపికగా వినాలి. విన్నది తనకు నచ్చిన మాటల్లోకి మార్చకుండా, చెప్పినవారి మాటల్లోనే రాసుకోవాలి. అర్థం కానిచోట మళ్లీ అడగాలి.

మీరూ దీన్ని ఇంట్లో సాధన చేయవచ్చు. నాయనమ్మను ఏదైనా పని గురించి అడగండి: ఆవకాయ పెట్టడం గానీ, నాట్లు వేయడం గానీ. ఆమె అన్నమాటలు అన్నట్టే రాయండి. తర్వాత ఆమెకే చదివి వినిపించండి. "నేనలా అనలేదురా" అని ఆమె ఎక్కడ అడ్డుకుంటే, మీరు అక్కడ సరిగా వినలేదని తెలుసుకోండి.

3. చూడడం, సరైన పేరు పెట్టడం

ఇప్పుడు రెండు పేరాలు చదవండి. రెండూ కొండగావ్ ప్రాంతంలో ఘడ్వా కళాకారులు చేసే ఢోక్రా లోహశిల్పం గురించినవే.

మొదటి పేరా: "ఢోక్రా కళ మన దేశ సంస్కృతికి ప్రతీక. ఇది అతి ప్రాచీనమైనది. కళాకారులు ఎంతో నైపుణ్యంతో అద్భుతమైన బొమ్మలు తయారుచేస్తారు. ఈ కళను కాపాడుకోవడం మనందరి బాధ్యత."

రెండో పేరా: "మొదట మట్టితో బొమ్మ ఆకారం చేసి ఆరబెడతారు. మైనాన్ని సన్నని తీగల్లా సాగదీసి దాని మీద చుడతారు. కళ్లు, నగలు, జుట్టు అన్నీ ఈ మైనపు తీగలతోనే వస్తాయి. దాని మీద మళ్లీ మట్టి పూసి, ఒకచోట చిన్న దారి వదులుతారు. బట్టీలో కాల్చినప్పుడు మైనం కరిగిపోయి, అది ఉన్న చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పై మట్టిని పగలగొడితే బొమ్మ బయటపడుతుంది. అచ్చు పగిలిపోయింది కాబట్టి, సరిగ్గా అలాంటి బొమ్మ మరొకటి రాదు."

మొదటి పేరాలో వ్యాకరణ దోషం లేదు. అయినా అది చదివాక మనకు కొత్తగా ఏమీ తెలియలేదు. అందులో 'ఢోక్రా కళ' అన్న మాట తీసేసి 'కొండపల్లి బొమ్మల తయారీ' అని పెట్టి చూడండి. మిగిలిన వాక్యాలు ఒక్క అక్షరం మార్చకుండా సరిపోతాయి. దేనికైనా సరిపోయే వాక్యం దేని గురించీ చెప్పదు. రెండో పేరాలో పొగడ్త ఒక్కటి కూడా లేదు. అయినా కళాకారుని నైపుణ్యం మీద గౌరవం కలుగుతుంది. ఎందుకంటే ఆ పేరా పని జరిగిన వరసలోనే నడుస్తుంది; ఒక్కో అడుగుకూ కారణం చెబుతుంది. మీరు రాసిన ప్రతి పేరాకూ ఈ 'పేరు మార్చి చూసే' పరీక్ష పెట్టవచ్చు.

చూసినదానికి సరైన పేరు పెట్టడం కూడా ఇందులో భాగమే. బస్తర్ గురించి తెలుగులో రాసే విద్యార్థి 'మహువా పూలు', 'తేందూ ఆకులు', 'సల్ఫీ చెట్టు' అని హిందీ పుస్తకంలో ఉన్నట్టే దించేస్తే, చదివేవారికి అవేవో ఎక్కడివో అనిపిస్తాయి. మహువా అంటే మన ఇప్ప. తేందూ అంటే మన తునికి. సల్ఫీ అంటే మన ఏజెన్సీలో కల్లు గీసే జీలుగు. ఆ పేర్లు వాడగానే బస్తర్ అడవి మన అడవికి కొనసాగింపు అని తెలిసిపోతుంది. మరి సమానమైన మాట లేని వస్తువుకు ఏం చేయాలి? అక్కడి పేరే ఉంచి, పక్కన ఒక వాక్యంలో చూపించాలి. పైన ధన్‌కుల్‌ను మనం అలాగే పరిచయం చేసుకున్నాం.

4. మన ఊరు రాయదగినదేనా?

"మా ఊళ్లో రాయడానికేముంది?" అని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. రచన అంటే పెద్ద నగరాల గురించో, గొప్పవారి గురించో రాయాలన్న భావం మనలో ఉంటుంది. గుల్‌షేర్ ఖాన్ శానీ జీవితం దీనికి మంచి సమాధానం. ఆయన 1933లో జగదల్‌పుర్‌లో పుట్టారు. హిందీ సాహిత్య కేంద్రాలైన అలహాబాదు, బనారస్, ఢిల్లీలకు అది ఎంతో దూరం. ఆయన నవల 'కాలా జల్' 1965లో వచ్చింది. బస్తర్‌లోని చిన్న పట్టణంలో ఒక దిగువ మధ్యతరగతి ముస్లిం కుటుంబం మూడు తరాల కథ అది. షబే బరాత్ రాత్రి చనిపోయినవారి పేరున ఫాతిహా చదువుతుండగా ఒక్కొక్కరి జీవితం గుర్తుకొస్తుంది. ఇంటింటా జరిగే ఒక ఆచారమే నవలకు కట్టుబడి అయింది. హిందీలో ముఖ్యమైన నవలల్లో ఒకటిగా అది నిలిచింది. తర్వాతి కాలంలో శానీ సాహిత్య అకాడమీ హిందీ పత్రిక 'సమకాలీన్ భారతీయ సాహిత్య'కు సంపాదకత్వం వహించారు. 1995లో మరణించారు.

గమనించండి, శానీ బస్తర్ వారే అయినా తన చుట్టూ ఉన్న ఆదివాసీ గ్రామాలు తనకు తెలుసునని ఊరుకోలేదు. అబూజ్‌మఢ్ ప్రాంతంలోని ఓర్ఛా వెళ్లి, అక్కడ గడిపి, ఆ తర్వాతే 'శాల్ వనోఁ కా ద్వీప్' అనే రచన చేశారు. దగ్గర ఉన్నంత మాత్రాన తెలిసినట్టు కాదు. మన వీధి చివరి కుమ్మరి ఇంటి గురించి మనకు తెలిసింది ఎంతో ఒకసారి కాగితం మీద పెట్టి చూస్తే ఈ మాట నిజమని తేలుతుంది.

5. తిరగరాయడం

దంతెవాడలోని రెండో రాయి మనకు మరో సంగతి కూడా గుర్తుచేస్తుంది. మొదటిసారి రాసింది మన కోసం. విషయం మనకు స్పష్టం కావడానికి అది అవసరం. రెండోసారి రాసేది చదివేవారి కోసం. చాలామంది విద్యార్థులు మొదటి ప్రతి దగ్గరే ఆగిపోతారు. దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో మళ్లీ ఎత్తి రాయడమే తిరగరాయడం అనుకుంటారు. తిరగరాయడంలో మూడు పనులున్నాయి.

మొదటిది, వరస. ఏది ముందు తెలిస్తే తర్వాతిది అర్థమవుతుందో చూసుకోవాలి. ఢోక్రా పేరాలో మైనం కరిగిన సంగతి చెప్పకముందే ఇత్తడి పోశారని రాస్తే, ఎక్కడ పోశారో తెలియక చదివేవారు ఆగిపోతారు.

రెండోది, వాక్యం. "గ్రామస్థులచే చెరువు యొక్క మరమ్మతు కార్యక్రమము నిర్వహించబడినది" అని రాస్తుంటాం. ఇలా ఎవరూ మాట్లాడరు. "ఊరివాళ్లు చెరువు బాగుచేసుకున్నారు" అంటే చాలు. పని చేసినవారే వాక్యానికి కర్త అయ్యారు, మాటలు తగ్గాయి, అర్థం నిలిచింది. ఇంగ్లీషు, హిందీ పుస్తకాల వాక్యాల నడకను తెలుగులోకి దింపినప్పుడు ఈ 'బడు'లు, 'యొక్క'లు వచ్చి చేరుతుంటాయి.

మూడోది, పైకి చదవడం. రాసింది గొంతెత్తి చదవండి. ఎక్కడ ఊపిరి చాలడం లేదో అక్కడ వాక్యం పొడవైంది. ఎక్కడ నాలుక తడబడిందో అక్కడ మాట సహజంగా లేదు. వీలైతే ఒక రాత్రి గడిచాక చదవండి. నిన్న మన మనసులో ఉండి కాగితం మీదికి రానిది ఏమిటో ఇవాళ కనిపిస్తుంది.

6. రాత ఎవరికి అక్కరకొస్తుంది?

ఇదంతా రచయితలు కాదలచినవారికే అనుకోకండి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 13 డిసెంబర్ 2005కు ముందు నుంచి అటవీ భూమిని సాగుచేసుకుంటున్న ఆదివాసీ కుటుంబం హక్కుపత్రం కోరవచ్చు. దరఖాస్తు మొదట గ్రామసభకు, ఆ తర్వాత ఉపవిభాగ, జిల్లా స్థాయి కమిటీలకు వెళుతుంది. ప్రభుత్వ కాగితాలే కాకుండా ఇళ్లు, గట్లు, బావులు, సమాధులు వంటి గుర్తులను కూడా నిబంధనలు సాక్ష్యంగా అంగీకరిస్తాయి. దరఖాస్తుదారు కాని ఊరి పెద్దలు చెప్పిన వాంగ్మూలాన్ని రాతలో పెడితే అదీ సాక్ష్యమే.

ఒక గోండు పల్లెలో చదువుకున్న అమ్మాయి పక్కింటి ముసలమ్మ వాంగ్మూలం రాయవలసి వచ్చిందనుకుందాం. "ఈ భూమి తరతరాలుగా వారిదే" అని ఒక్క ముక్క రాసి వేలిముద్ర వేయించవచ్చు. ఆ వాక్యం ఏ దరఖాస్తుకైనా సరిపోతుంది. మొదటి ఢోక్రా పేరా లాంటిదే. ముసలమ్మ గోండీలో నిజంగా చెప్పింది వేరే: "నా పెళ్లయిన ఏడాది వీళ్ల నాన్న వాగు పక్కన రెండు గట్లు వేశాడు. పెద్ద గట్టు మీది ఇప్పచెట్టు కింద వాళ్ల తాత సమాధి ఉంది." ఈ మాటలను అలాగే రాస్తే, కమిటీ పంపిన మనిషి పొలానికి వెళ్లి గట్టును, చెట్టును, సమాధిని చూసి సరిపోల్చుకోగలడు. ఆ పొలం ఎన్నడూ చూడని అధికారి కూడా దాన్ని కళ్లకు కట్టినట్టు చదువుతాడు. మనం చెప్పుకున్నవన్నీ ఇక్కడ అవసరమయ్యాయి: చదివేవారెవరో ఎరగడం, ఓపికగా వినడం, సరైన పేర్లు, సరైన వరస. చివరగా, రాసింది ముసలమ్మకు గోండీలో తిరిగి చెప్పి "ఇదేనా నువ్వన్నది?" అని అడగాలి. ఆమె అనని మాట ఒక్కటి కూడా చేర్చకూడదు. ఎందుకంటే ఆ వేలిముద్ర ఆమెది.

2011 జనగణన ప్రకారం గోండీ మాతృభాషగా గలవారు దాదాపు 30 లక్షల మంది. వారి జ్ఞానంలో ఎక్కువ భాగం నోటి మాటగానే ఉంది. గిడుగు రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకొని, ఆ పిల్లల కోసం వాచకాలు, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. తెలుగులో వాడుక భాష కోసం పోరాడింది కూడా ఆయనే. ఈ రెండు పనుల వెనుక ఉన్నది ఒకే నమ్మకం: మనిషి మాట్లాడే భాషకు దూరంగా వెళ్లిన చదువు ఆ మనిషికి అందదు. ఇప్పుడు బడిలో ఉన్న గోండు, కోయ, సవర విద్యార్థులకు ఈ పని స్వయంగా చేయగల అవకాశం ఉంది. ఇంటి భాష వారికి రాతలో ఆటంకం కాదు. బయటివారెవరికీ లేని పెట్టుబడి.

సారాంశం

చదివేవారిని ముందుగా నిర్ణయించుకోవాలి. చెప్పేవారి మాటను చివరిదాకా వినాలి. చూసినదాన్ని దాని పేరుతో, అది జరిగిన వరసలో రాయాలి. మన చుట్టూ ఉన్నదాన్ని తెలిసిందని వదిలేయకుండా వెళ్లి చూడాలి. మొదటి ప్రతి రాసిన తర్వాత చదివేవారి కోసం రెండోసారి రాయాలి.

అభ్యాసం

1. మీ ఊరి సంతలో ఒక దుకాణాన్ని అరగంట గమనించి, పొగడ్త మాట ఒక్కటి కూడా లేకుండా పది వాక్యాలు రాయండి. పేరు మార్చి చూసే పరీక్ష పెట్టండి.

2. మీ పాఠ్యపుస్తకంలో కఠినమైన ఒక పేరాను ఎంచుకోండి. మీకంటే మూడు తరగతులు కింద చదివే విద్యార్థికి అర్థమయ్యేలా తిరిగి రాయండి. అతడికే చదివి వినిపించి, ఎక్కడెక్కడ ప్రశ్న వేశాడో గుర్తుపెట్టుకొని మళ్లీ రాయండి.

3. మీ ఇంట్లో పెద్దవారు మాత్రమే వాడే పది మాటలు సేకరించండి. ఒక్కోదాన్ని, ఆ వస్తువును ఎన్నడూ చూడనివారికి ఒక్క వాక్యంలో పరిచయం చేయండి.